సముద్రంలో దిగని అల్లుడు

బండి ఎక్కేముందు హైమావతి డ్రైవరు చేత మూడు ఒట్లు వేయించుకుంది. అరవై దాటించనని, నిద్రొస్తే దాచకుండా చెబుతానని, లారీల వెనకాల అంటుకుని పోనని. చిల్కానగర్ నుంచి టవేరా తెచ్చిన ఆ భూపాల్‌కి ముప్పై ఏళ్లుంటాయేమో. నెత్తిన చెయ్యి పెట్టుకుని మూడింటికీ సరేనన్నాడు.

"ఇగ ఎక్కుర్రి అమ్మా. ఎండ ముదిరితే టైర్లు మాడుతయ్."

"మాడడమంటే పేలడమేనా నాయనా?"

"గట్ల కాదమ్మా. మాటకన్న."

బండిలో అప్పటికే కూర్చున్న ధనశ్రీ నవ్వింది. ఆ నవ్వు వినేసరికి హైమావతికి ప్రాణం లేచొచ్చింది. కూతురు తన ముందు నవ్వి ఎన్నాళ్లయిందో. పిల్ల కాపురం మల్కాజిగిరిలో. నాచారం నుంచి ఆటో ఎక్కితే అరగంట దారి. అయినా రెండు నెలలుగా ఇటు తొంగిచూడలేదు. ఫోను చేస్తే ఆఫీసంటుంది, ఎండలంటుంది, వస్తానులే అంటుంది. తామే వస్తామంటే, ఇంట్లో ఉండం అంటుంది. అలాంటిది పోయిన ఆదివారం తనంత తనే ఫోను చేసి, "అమ్మా, నీ సముద్రం చూపించవా? పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరుగుముఖం పడదాం" అంది.

నీ సముద్రం అనడంలోనే ఉంది కిటుకంతా. హైమావతి చిన్నప్పుడు వాళ్ల పిన్ని చీరాల అవతల సీతాలమ్మపాలెంలో బడిపంతులమ్మగా ఉండేది. ఏటా ఎండాకాలం సెలవులకి హైమావతి అక్కడే. ముంజలు తిని, సరుగుడు తోపుల్లో ఎండుపుల్లలు ఏరి, వలలు లాగేవాళ్ల వెనక పరుగెత్తి, తలనిండా ఇసకతో పడుకునేది. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చింది. పిన్ని బతికి బయటపడి, లోపలి ఊరికి బదిలీ చేయించుకుంది. అప్పటికి హైమావతికి పన్నెండేళ్లు. మళ్లీ అటు పోలేదు. పెళ్లయి నాచారం వచ్చాక కూతురికి ఆ ఊరి కబుర్లు కథలుగా చెప్పి అన్నం పెట్టింది గాని, తీసుకెళ్లమని పిల్ల ఎన్ని వేసవులు ఏడ్చినా తీసుకెళ్లలేదు. నీళ్లు లాగేసుకుంటాయని ఒక ఏడు, వడదెబ్బ తగులుతుందని ఒక ఏడు. అలా పిల్లకి ఇరవై ఆరేళ్లు వచ్చేశాయి.

అందుకని ఈసారి కాదనలేకపోయింది. కాదనకపోయినా, తన ఏర్పాట్లు తను చేసుకుంది. పన్నెండు లీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు, పులిహోర, పెరుగన్నం, రెండు గొడుగులు, ఉల్లిపాయలు, దూది, అయోడిన్ సీసా, బట్టలారేసుకునే నైలాను తాడు.

"తాడెందుకే?" అన్నాడు ఆవిడ భర్త జనార్ధనరావు. మందుల కంపెనీ స్టోర్సులో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి అలవాటయిన మనిషి, ప్రతి వస్తువుకీ కారణం కావాలి ఆయనకి.

"మీ కోసమే. మీరు నీళ్లు చూస్తే ఆగరు."

"మెడకా, నడుముకా?"

"మామయ్యగారూ, రెండింటికీ సరిపోతుంది, చాలా పొడుగుంది" అన్నాడు వెనక సీట్లోంచి అల్లుడు లక్ష్మీకాంత్. పిల్లవాడు మంచివాడే. గోదావరి కాలవల్లో ఈతలు కొట్టి పెరిగాడు. నీళ్లంటే పడి చస్తాడు. అలాంటివాడు మొహం మీద ఇంత గడ్డం పెంచుకుని, జుట్టు చెవుల మీదికి దింపుకుని, అడవిలోంచి వచ్చినట్టున్నాడు. తిరుపతి మొక్కేమోలే అనుకుంది హైమావతి. అడగబోయి, అల్లుడి గడ్డం గురించి అత్తగారు అడిగితే ఏం బాగుంటుందని మానేసింది.

ఉప్పల్ చౌరస్తా దాటి, నాగోలు దగ్గర మూసీ వంతెన మీదికి ఎక్కాక ఆవిడకి ఇంకో భయం పట్టుకుంది. తెలంగాణ ఉద్యమం ఊపులో భూపాల్ తన బండి నంబరులో ఏపీ చెరిపించి టీజీ అని రాయించుకున్నాడు. నాచారంలో సగం బండ్లు అలాగే ఉన్నాయి, అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఆంధ్ర వైపు వెళ్లాక ఎవరైనా ఏమైనా అంటే?

"ఆ రెండక్షరాల మీద ఓ కాయితం అంటిద్దామా నాయనా? ఊరికే, దుమ్ము పడకుండా."

"దుమ్ముకేనా అమ్మా?" అద్దంలో చూస్తూ అన్నాడు భూపాల్. "మీరు పాతికేండ్ల సంది మా నాచారంల ఉంటున్రు. మేమేమన్న అన్నమా? మీ అటోళ్లు గూడ గట్లనే ఉంటరు. ఫికర్ జెయ్యకుర్రి."

"అమ్మ ఫికరు చేయకపోతే బండి నడవదన్నా" అంది ధనశ్రీ.

అందరూ నవ్వారు. హైమావతి కూడా నవ్వింది గాని, ఆ మాట కాస్త లోపలికే దిగింది.

ఎందుకంటే రెండేళ్ల కిందట జరిగింది ఇంకా పచ్చిగానే ఉంది. ధనశ్రీ నెల తప్పిందని తెలిసిన సాయంత్రానికే హైమావతి గల్లీ అంతా చెప్పేసింది. ఎదురింటి మైసమ్మకి చెప్పింది, పాలవాడికి చెప్పింది. పిల్లని మంచం దిగనివ్వలేదు. మౌలాలి గుట్టెక్కి తాయెత్తు తెచ్చింది, గుడిలో నిమ్మకాయలు తెచ్చింది. రోజుకి పదిసార్లు ఫోను చేసి కడుపులో నొప్పి ఉందా, ఉందా అని అడిగింది. మూడో నెల నిండకుండానే కడుపు పోయింది. దవాఖానాలో కూతురి మంచం పక్కన కూర్చుని, ఏడుస్తూ, నోరు జారి, "నాకు ముందే అనిపించింది, ఇది నిలవదని" అంది.

అంతే. ధనశ్రీ గోడవైపు తిరిగి పడుకుంది.

పోట్లాడలేదు, ఏమీ అనలేదు. ఆ తరవాత కూడా తిన్నావా అమ్మా, బీపీ మందు వేసుకున్నావా అమ్మా అని అడుగుతూనే ఉంది. లోపలి మాట మాత్రం ఒక్కటీ చెప్పలేదు. ఒకప్పుడు కాలేజీ నుంచి రాగానే వంటింటి గట్టెక్కి కూర్చుని, ఎవరు ఎవర్ని చూశారు, ఏ లెక్చరరు ఏ చీర కట్టింది, అన్నీ ఒలకబోసే పిల్ల. ఆ గట్టు మీద ఇప్పుడు మిక్సీ పెట్టుకుంది హైమావతి. మళ్లీ ఒక్కసారి, ఒక్క మాట, కడుపులోంచి వచ్చిన మాట, ఆ పిల్ల నోట వినాలని ఆవిడకెంత ఆశో ఎవరికీ తెలియదు. సముద్రం అని పిలిచినప్పుడు ఆవిడ ఎగిరొచ్చింది సముద్రం కోసం కాదు.

వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే భూపాల్ చెయ్యి చూపించాడు. "మన మూసీ గిక్కడనే గలుస్తదమ్మా. పొద్దుగాల నాగోల్ల ముక్కు మూసుకున్నం సూడు, గదే నీళ్లు."

"అయితే మనకంటే ముందే బయలుదేరిందన్నమాట" అన్నాడు జనార్ధనరావు.

అక్కణ్ణుంచి రోడ్డు వెడల్పు చేస్తున్నారని సగం తవ్వి పెట్టారు. గుంటల్లో బండి పడినప్పుడల్లా ధనశ్రీ రెండు చేతులతో ముందు సీటు గట్టిగా పట్టుకునేది. వెనకనుంచి లక్ష్మీకాంత్, "అన్నా, కొంచెం చూసి" అనేవాడు. తను అనవలసిన మాట అల్లుడు అంటున్నాడని హైమావతి సంతోషించింది. అంతకుమించి ఆలోచించలేదు.

పదకొండు కావస్తుండగా సీతాలమ్మపాలెం చేరారు.

పిన్ని పని చేసిన రెండు గదుల బడి లేదు. అక్కడ స్తంభాల మీద తెల్లటి తుఫాను షెల్టరు నిలబడి ఉంది. మిగతా ఊరు పెద్దగా ఎదగలేదు. ఇసక దారులు, పెంకుటిళ్లు, మధ్యమధ్య తాటాకు ఇళ్లు, గుమ్మాల పక్క ఆరబోసిన వలలు, గోనెల మీద ఎండుతున్న చిన్న చేపలు, ఆ వాసన. వాసన తగలగానే హైమావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై అయిదేళ్లుగా లేని వాసన, నిన్ననే వదిలి వెళ్లినట్టు వచ్చి ముక్కుకి తగిలింది. కూతురికి అన్నం ముద్దలతోపాటు ఈ ఊరు ఎన్నిసార్లు తినిపించిందో. ఈ వాసన మాత్రం చెప్పలేకపోయింది.

సరుగుడు తోపు దాటగానే సముద్రం. భూపాల్ బండి తాళాలు చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు.

"అవుతలి గడ్డ యాడుందమ్మా?"

"లేదు నాయనా."

"లేకుంటె ఎట్ల?" అన్నాడు. నీళ్ల చివరికంటా చూసి, "టీవీల జూసి మన హుస్సేన్‌సాగర్ లెక్కనే జర పెద్దగుంటదనుకున్న" అన్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గుడిలోకి వెళ్తున్నట్టు నడిచాడు.

ఆ తరవాత అరగంట హైమావతి పరువు ఇసకలో కలిసింది. జనార్ధనరావు పంచె పైకి కట్టి నీళ్లలోకి దిగాడు. ఆయన నడుముకి నైలాను తాడు, ఆ తాడు రెండో కొస హైమావతి చేతిలో. అల కొట్టినప్పుడల్లా ఆవిడ లాగేది, ఆయన వెల్లకిలా పడేవాడు.

"సముద్రం వదిలినా నువ్వు వదలవు కదే" అని అక్కణ్ణుంచే అరిచాడు. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు నవ్వి, "గట్టిగా పట్టుకోమ్మా, ఎళ్లిపోగలడు" అన్నారు.

"రావయ్యా అల్లుడూ. నీ ఈత ఎన్నిసార్లు విన్నాం, ఒకసారి చూపించు" అని పిలిచాడు జనార్ధనరావు.

"జలుబు చేసింది మామయ్యగారూ" అన్నాడు లక్ష్మీకాంత్. పొడి ఇసక దాటి ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. బూట్లు కూడా విప్పలేదు. అలలకేసి మాత్రం, మిఠాయి కొట్టు ముందు పథ్యం మనిషిలా చూస్తున్నాడు.

ఎండ మండుతుంటే హైమావతి తాడు కొస భూపాల్ చేతికిచ్చి, ఒడ్డుకి లాగి పెట్టిన పడవ నీడన సంచుల దగ్గర కూర్చుంది. పడవకి అటుపక్క లక్ష్మీకాంత్ ఫోను మాట్లాడుతున్నాడు. ఈవిడ ఇటుందని అతనికి తెలియదు. గాలి హోరుకి వినపడక ఫోను స్పీకరు పెట్టుకున్నాడు. అవతల అతని తల్లి కౌసల్యమ్మ.

"దిగలేదు కదా నాన్నా?"

"లేదమ్మా. ఒడ్డునే ఉన్నాను."

"కాళ్లు కూడా తడుపుకోకు. గడ్డం జోలికి పోలేదు కదా?"

"ఎన్నాళ్లమ్మా ఈ గడ్డం? మా మేనేజరు రోజూ అడుగుతున్నాడు."

"అడగనీ. ఇంకా అయిదు నెలలేగా."

హైమావతి చేతిలో పెరుగన్నం గిన్నె మూత అలాగే ఉండిపోయింది.

ఎవరికి తెలియకపోయినా ఆవిడకి తెలుసు. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు సముద్రంలో మునగకూడదు, జుట్టు తీయించకూడదు. ఈ ఊళ్లోనే, ఈ ఒడ్డునే, పిన్ని ఇంటి పక్కాయన అయిదారు నెలలు గడ్డంతో తిరుగుతుంటే పిల్లలంతా ఏడిపించేవారు. గడ్డం కనబడింది, పొడి కాళ్లు కనబడ్డాయి, గుంటలో పడ్డప్పుడు సీటు పట్టుకున్న చేతులు కనబడ్డాయి, వదులు వదులుగా ఉన్న ఆ చుడీదారు కనబడింది. కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు, అమ్మ దగ్గర అంతా దాచగలమనుకున్నారు, పెద్దావిడ పెట్టిన కట్టడి ఒక్కటి దాచలేకపోయారు.

నాలుగు నెలలు నిండాయన్నమాట.

మొదట సంతోషం కలిగిందంటే బాగుంటుంది గాని, మొదట వచ్చింది భయమే. ఆ తవ్వి పెట్టిన రోడ్డు, ఆ గుంటలు, మళ్లీ అదే రోడ్డున తిరిగి వెళ్లాలి. ఆ తరవాత సంతోషం. ఒళ్లంతా పులకరించి, పడవకి వీపు ఆనించుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. దాని వెనకే మూడోది వచ్చింది, అన్నిటికంటే బరువైనది. కౌసల్యమ్మకి తెలుసు. అత్తగారికి చెప్పారు. తనకి చెప్పలేదు.

లేచి వెళ్లి అడుగుదామనుకుంది. నేను కన్నతల్లిని కానా అని అడుగుదామనుకుంది. సగం లేచింది కూడా. ఎందుకు చెప్పలేదో జవాబు తన దగ్గరే ఉందని గుర్తొచ్చి, మళ్లీ కూర్చుంది. ఆ జవాబుకి గోడవైపు తిరిగిన వీపు ఉంది, ఆస్పత్రి పచ్చ దుప్పటి ఉంది.

అప్పుడు చూసింది. ధనశ్రీ ఒక్కతే నీళ్లకేసి నడుస్తోంది.

చీలమండల దాకా వెళ్లింది. అల వచ్చి వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసకని తవ్వుకుపోతుంటే, రెండు చేతులూ చాపి నిలదొక్కుకుంది. ఇంకో రెండు అడుగులు వేసింది. మోకాళ్ల కిందికి వచ్చాయి నీళ్లు. హైమావతి గొంతులో కేక సిద్ధంగా ఉంది. జారితే? పెద్ద అల వస్తే? గవ్వ గుచ్చుకుంటే? రా వెనక్కి, ఈ ఒంటితో ఏమిటా పిచ్చి పని అని అరవాలి. అరిస్తే పిల్ల తప్పకుండా వెనక్కి వస్తుంది. వచ్చి, మళ్లీ రెండేళ్లు మాట్లాడదు.

ఆవిడ అరవలేదు. చెప్పులు విప్పింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. ముప్పై అయిదేళ్లుగా భయపడుతున్న నీళ్లలోకి, ఒంటి కాలి మీద నడుస్తున్నట్టు దిగి, కూతురిని దాటి ఒక అడుగు ముందుకు వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. అల వచ్చి ముందు ఆవిడ పిక్కలకి కొట్టి, మెత్తబడి, అప్పుడు ధనశ్రీ దగ్గరికి వెళ్లింది.

ధనశ్రీ ఆశ్చర్యపోయి చూసింది. "నీకు భయం కదమ్మా?"

"భయమే."

"మరి?"

"మరేముంది. నిలబడ్డాను."

చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఒకసారి పెద్ద అల వచ్చి హైమావతి నడుం దాకా తడిపింది. ఆవిడ తూలితే ధనశ్రీ మోచెయ్యి పట్టుకుంది, అల పోయాక కూడా వదల్లేదు. ఏదో అనబోయింది పిల్ల. పెదవులు కదిలాయి. అంతలో జనార్ధనరావు తాడు తెంపుకుని వచ్చి "నీళ్లలోకి దిగావా నువ్వు" అని కేకలు పెట్టేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది. హైమావతికి మొగుణ్ణి అప్పుడే సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది.

మధ్యాహ్నం సరుగుడు నీడన పులిహోర తిన్నారు. ఊళ్లో ఒకావిడ లేత ముంజలు కొట్టి ఇచ్చింది. ధనశ్రీ ఎనిమిది తింది. ఎక్కువ తినకే, వేడి చేస్తుందనో చలవ చేస్తుందనో ఏదో ఒకటి అనడం హైమావతికి అలవాటు. ఆ పూట తొమ్మిదోది ఒలిచి చేతికిచ్చి ఊరుకుంది. లోపల మాత్రం ప్రశ్నలు తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరు ఎవరో, బలం మందులు ఏమిస్తున్నారో, ప్రయాణానికి ఒప్పుకున్నారో లేదో. ఒక్క ప్రశ్న బయటికి వచ్చినా మిగతావన్నీ వరస కట్టి వస్తాయని తెలిసి, నోట్లో ముంజ పెట్టుకుంది.

నాలుగింటికి బయలుదేరారు. భూపాల్ వాళ్ల అవ్వకి చూపించాలని లీటరు సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకున్నాడు. పిడుగురాళ్ల దగ్గర టీ కోసం ఆపేసరికి పొద్దు వాలుతోంది. మగవాళ్లు దిగి కొట్టు దగ్గరికి వెళ్లారు. తల్లీకూతుళ్లు బండి పక్కన, తుమ్మచెట్టు నీడన నిలబడ్డారు.

"అమ్మా, ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"బాగానే ఉందే. ఏం?"

"పొద్దుట్నుంచీ నన్ను ఒక్క మాట అనలేదు. నీళ్లలోకి దిగితే అనలేదు, అన్ని ముంజలు తింటే అనలేదు. నాకే భయమేస్తోంది."

హైమావతి నవ్వడానికి ప్రయత్నించింది. టీ కొట్టు ముందు లక్ష్మీకాంత్ ఇటే చూస్తున్నాడు, చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ధనశ్రీ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూసింది. "నీకొక మాట చెప్పాలమ్మా. చెబుదామనే నిన్ను అంత దూరం తీసుకెళ్లాను. ఇంట్లో అయితే నా వల్ల కాదనిపించింది. అక్కడ ఒడ్డు మీద నోటిదాకా వచ్చింది. నాన్న అరవకపోయినా చెప్పేదాన్నో లేదో." చున్నీ అంచు వదిలేసింది. "వచ్చే నెల ఇరవయ్యో తారీఖు దాటాక చెబుతాను. ఆ రోజు ఒక పరీక్ష ఉంది. అది అయ్యాక నీకే ముందు చెబుతాను. అందాకా అడగకు. నువ్వు అడిగితే నేను చెప్పేస్తాను. చెప్పాక నీ మొహంలో భయం చూడలేనమ్మా. మళ్లీ చూడలేను."

కూతురి నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా విని ఎన్నాళ్లయిందో. నాకు తెలిసిపోయిందే పిచ్చితల్లీ అని చెప్పి ఆ పిల్లని గుండెకి అదుముకోవాలని ఆవిడ చేతులు కొట్టుకున్నాయి. కౌసల్యమ్మకి చెప్పి నాకు చెప్పలేదేం అన్నది కూడా ఎక్కడో కిందనుంచి తోసుకొచ్చింది. రెండింటినీ మింగింది.

"మంచి మాటేనా?" అని మాత్రం అంది.

ధనశ్రీ తలెత్తింది. తల్లి మొహంలోకి చాలాసేపు వెతికినట్టు చూసింది. తెలుసా తెలియదా అని వెతికిందో, భయం ఉందా లేదా అని వెతికిందో.

"మంచిదే."

"అయితే ఆగుతాను."

"ఆగగలవా నువ్వు?"

"ఆగలేను" అంది హైమావతి. "అయినా ఆగుతాను."

మళ్లీ బండి కదిలింది. వాడపల్లి రాకముందే ధనశ్రీకి నిద్ర ముంచుకొచ్చింది. కాసేపు కిటికీకి తల ఆనించి, అద్దం అదురుతుంటే విసుక్కుని, ఇటు తిరిగి తల్లి ఒళ్లో తల పెట్టుకుని ముడుచుకుంది. చిన్నప్పటి తరవాత ఇదే. జుట్టులో ఇంకా ఇసక ఉంది. ఉప్పు వాసన వేస్తోంది.

రోడ్డు గుంటలు మొదలయ్యాయి. భూపాల్ వేగం తగ్గించి అద్దంలోంచి చూశాడు. "బిడ్డ పండుకున్నదా అమ్మా? పాటలు బంద్ జెయ్యన్నా?"

ఆవిడ చేత్తో సైగ చేసింది, చెయ్యమని. ఆ చెయ్యి తిరిగి కూతురి తల మీదికి వచ్చింది. అక్కణ్ణుంచి భుజం మీదికి జారింది. ఇంకొక్క జానెడు జారితే ఆ పిల్ల కడుపు. బండి ఊగినప్పుడల్లా ఆ చెయ్యి దానంతటది అటే పోతోంది. హైమావతి దాన్ని వెనక్కి తీసుకుని, జుట్టులోని ఇసక ఒక్కొక్క రేణువే వేళ్లతో తీస్తూ కూర్చుంది.